వాలుగ పేరు ఎవరు చెప్పారు? (జంతుశాస్త్రం కథ)

 

ఈ నెల గోడపత్రికలో సైన్సు వ్యాసం నా వంతుకి వచ్చింది. "జంతుశాస్త్రం – పుట్టుక, పెరుగుదల" అని బయాలజీ టీచరుగారు విషయం ఇచ్చారు. నేను లైబ్రరీ పుస్తకంలోంచి ఉన్నది ఉన్నట్టు ఎక్కించేసి తీసుకెళ్లాను. టీచరుగారు చదివి, "ఇదంతా పుస్తకంలో ఉండనే ఉంది, మళ్లీ గోడ మీద ఎందుకే? కొల్లేరు వెళ్లొచ్చాం కదా, నువ్వు చూసింది, నీకు అర్థమయింది రాయి" అన్నారు. అందుకని అది చింపేసి మళ్లీ మొదటినుంచి రాశాను. నాలుగు చార్టులయ్యాయి. ఎడిటరు అక్క కోప్పడింది గానీ అంటించింది. ఓపికగా చదవండి. మూడో చార్టు మాత్రం అందరూ తప్పక చదవండి, అది మన హాస్టల్ సంగతి.

జంతుశాస్త్రం అంటే జంతువులు ఎలా ఉంటాయి, ఏం తింటాయి, ఎలా పిల్లల్ని కంటాయి, ఏది దేనికి చుట్టం అని చూసి, రాసిపెట్టి, రాసింది నిజమో కాదో సరిచూసుకునే చదువు. చూడటం మన ఊళ్లల్లో అందరూ చేస్తారు. అడుగు గుర్తు చూసి ఏ జంతువు పోయిందో, ఎప్పుడు పోయిందో మా తాత చెప్పేవాడు. రాయడం మాత్రం మా ఇంట్లో నాతోనే మొదలు. మా అమ్మా నాన్నా వేలిముద్రే వేస్తారు. ఇక సరిచూడటం అంటే ఏమిటో నాకు ఈ సంవత్సరమే తెలిసింది.

పోయిన డిసెంబరులో మన తొమ్మిదో తరగతి వాళ్లని కొల్లేరు తీసుకెళ్లారు కదా. తెల్లారగట్ల నాలుగింటికి బస్సెక్కాం. జంగారెడ్డిగూడెం దాటేదాకా అందరం నిద్రే. ఏలూరులో ఇడ్లీ తిన్నాం. అక్కణ్ణుంచి కైకలూరు, ఆ పక్కనే ఆటపాక. మన కొండల్లో ఎటు చూసినా చూపు ఏదో ఒక గుట్టకి తగులుతుంది. అక్కడ దేనికీ తగలదు. నీళ్లూ చెరువుగట్లూ ఆకాశమూ, అంతే. నాకు మొదట కొంచెం భయం వేసింది.

కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల మధ్య ఉన్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెచ్చి పోస్తాయి. ఉప్పుటేరు ఆ నీళ్లని సముద్రానికి తీసుకుపోతుంది. 1999లో దీన్ని పక్షుల అభయారణ్యం చేశారు. 2002లో రామ్‌సార్ జాబితాలో చేర్చారు. రామ్‌సార్ ఇరాన్ దేశంలో ఒక ఊరు. తడినేలల్ని కాపాడాలని 1971లో కొన్ని దేశాలు అక్కడ ఒప్పందం రాసుకున్నాయి. చేపల చెరువుల కోసం సరస్సులో గట్లు వేసేస్తే, 2006లో ప్రభుత్వం చాలా గట్లు కొట్టించింది. ఆ గొడవ పెద్దది, అది సోషల్ టీచరుగారి వంతు.

ఆటపాకలో పడవ మీద తిప్పారు. ఇనప స్టాండ్ల మీదా చెట్ల మీదా గూడబాతులు గూళ్లు పెట్టుకుని కూర్చున్నాయి. పుల్లలు తెస్తున్నాయి, పోట్లాడుకుంటున్నాయి, పిల్లలు తల్లి గొంతులో తల దూర్చి తింటున్నాయి. ముక్కు కింద సంచి ఉంటుంది చూడండి, అది చేపలు దాచుకునే సంచి అనుకున్నాం అందరం. కాదంట. అది వల లాంటిది. చేపని నీళ్లతో సహా తోడేసుకుని, నీళ్లు వదిలేసి, చేపని మింగేస్తుంది. దాచుకోవడం ఏమీ లేదు.

పడవ తోలే తాత పెద్దాయన. ఏ పిట్ట కనపడినా చూపుడు వేలు ఎత్తి పేరు చెప్పేస్తున్నాడు. పుస్తకం లేదు, కళ్లద్దాలు కూడా లేవు. "తాతా, ఇవి ఎప్పట్నుంచీ ఉన్నాయి?" అని అడిగితే, "మా నాయన చిన్నప్పుడు ఈ చుట్టుపక్కల చెట్ల నిండా గూళ్లే ఉండేవంటమ్మా. నాకు పెళ్లయిన నాటికి ఒక్క గూడూ లేదు. మళ్లీ తరవాత తరవాత వచ్చాయి" అన్నాడు.

అప్పుడు టీచరుగారు తన నోటుబుక్కు తీసి ఒకటి చదివారు. 1946లో కె.కె. నీలకంఠన్ అనే ఆయన ఈ కొల్లేరు ప్రాంతంలో గూడబాతులు గూళ్లు పెట్టే చోటు కనిపెట్టి దాని గురించి రాశారు. ఆయన కేరళ ఆయన, ఇంగ్లీషు పాఠాలు చెప్పే మాస్టారు. తరవాత ఇందుచూడన్ అనే పేరుతో 1958లో కేరళ పక్షుల మీద మలయాళంలో పెద్ద పుస్తకం కూడా రాశారు. ఆయన చూసినప్పుడు ఇక్కడ దాదాపు 3000 గూడబాతులు ఉన్నాయి. 1975 ప్రాంతానికి ఆ గూళ్లన్నీ పోయాయి.

నాకు ఒళ్లు జలదరించింది. పడవ తాత చెప్పిందీ నోటుబుక్కులో ఉన్నదీ ఒకటే! తేడా ఏమిటంటే తాత "చెట్ల నిండా" అన్నాడు, నోటుబుక్కు "3000" అంది. మా మామ్మ కూడా అంటుంది, మా ఊరి గుట్ట మీద తన చిన్నప్పుడు నెమళ్లు బోలెడు ఉండేవని. బోలెడంటే ఎన్ని? ఎవరూ లెక్కపెట్టలేదు. కాబట్టి ఎన్ని పోయాయో కూడా ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. మా గుట్టకి నీలకంఠన్ గారు రాలేదు. మావాళ్లకి రాయడం రాదు.

గూడబాతు శాస్త్రీయ నామం పెలికానస్ ఫిలిప్పెన్సిస్. ఇలా ప్రతి జీవికీ రెండు మాటల పేరు ఉంటుంది, మనకి ఇంటిపేరూ పేరూ ఉన్నట్టు. మొదటి మాట ప్రజాతి, రెండో మాట జాతి. ఈ పద్ధతిని నిలబెట్టింది స్వీడన్ దేశపు కార్ల్ లిన్నేయస్. ఆయన పుస్తకం 1735లో మొదట వచ్చినప్పుడు పది పన్నెండు పేజీలే. దాన్నే పెంచి పెంచి 1758లో పదో ముద్రణ వేశాడు. అందులో 4000 పైగా జంతువులకి ఇలా రెండేసి మాటల పేర్లు పెట్టాడు. ఇప్పటికీ జంతువుల పేర్ల లెక్క ఆ 1758 నుంచే మొదలు. మన నాగుపాము పేరు నాజా నాజాలోని రెండో మాట అందులోనే ఉంది. నాగ అనే మన మాటే నాజా అయింది. గూడబాతు పేరు 1789లో గ్మెలిన్ అనే జర్మనీ ఆయన రాశాడు. ఫిలిప్పీన్స్ దేశాన్ని బట్టి పెట్టిన పేరు. విచిత్రం ఏమిటంటే ఇప్పుడు ఫిలిప్పీన్స్‌లో ఈ పక్షే లేదు! పేరు అక్కడిది, గూడు మన దగ్గర.

మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని పులిహోర తింటుంటే టీచరుగారు అరిస్టాటిల్ సంగతి చెప్పారు. ఈ శాస్త్రానికి తండ్రి అంటారు ఆయన్ని. క్రీ.పూ. 384లో గ్రీకు దేశంలో పుట్టాడు. లెస్బాస్ అనే దీవిలో సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన ఒక పెద్ద మడుగు ఉంది. ఆ మడుగు ఒడ్డునే ఆయన చేపల్నీ నత్తల్నీ చూస్తూ ఉండేవాడు. అంటే కొల్లేటి గట్టు మీద మేం కూర్చున్నట్టే అన్నమాట. ఊరికే చూడటం కాదు, జాలర్లని అడిగేవాడు, వేటగాళ్లని అడిగేవాడు, తేనెటీగలు పెంచేవాళ్లని అడిగేవాడు. చేపల్ని కోసి లోపల చూసేవాడు. అలా 500 రకాల జంతువుల గురించి రాశాడు. డాల్ఫిన్ చూడ్డానికి చేపలా ఉన్నా పిల్లల్ని కని పాలిస్తుంది, ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది, కాబట్టి చేపల్లో కలపకూడదని అప్పుడే చెప్పేశాడు.

అంతటి ఆయనా ఒక తప్పు రాశాడు. మగవాళ్ల కన్నా ఆడవాళ్లకి పళ్లు తక్కువ అని! మేమందరం నవ్వేశాం. ఇంట్లో ఎవరినైనా నోరు తెరవమని లెక్కపెడితే తెలిసిపోయేది కదా. కానీ ఆయన రాశాడు కదా అని తరవాత చాలాకాలం దాన్ని అలాగే చెప్పుకున్నారంట. పెద్దవాళ్లు చెప్పారు కాబట్టి నిజం అనుకోవడం మన ఊళ్లల్లోనే ఉంటుందనుకున్నాను. చదువుకున్న వాళ్లలో కూడా ఉందన్నమాట.

తిరిగి వచ్చేటప్పుడు ఆకివీడు, భీమవరం, తాడేపల్లిగూడెం మీదుగా వచ్చాం. ఆకివీడులో రోడ్డు పక్కన చేపలమ్మే ఆవిడ దగ్గర బస్సు ఆపారు. బుట్టలో ఒక పెద్ద చేప. పొడుగాటి మీసాలు, నోరు కళ్ల దాకా చీరినట్టు ఉంది, ఒంటి మీద పొలుసు లేదు. "ఇదేం చేప పిన్నీ?" అంటే "వాలుగమ్మా" అంది. టీచరుగారు నవ్వి, "దీని శాస్త్రీయ నామం చెప్పనా? వల్లాగో అట్టు" అన్నారు. బస్సంతా ఒకటే నవ్వు. వాలుగ అట్టు! వెనక సీట్లోంచి ఒకమ్మాయి "పచ్చడుందా మేడం?" అంది. తినే అట్టు కాదులే గానీ, వల్లాగో మాత్రం మన వాలుగే. లాటిన్ అనుకున్న పేరు తెలుగు మాట!

ఇది ఎలా జరిగిందో తాడేపల్లిగూడెం దాకా చెప్పారు టీచరుగారు. (తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల లారీలు అడ్డొచ్చి బస్సు చాలాసేపు ఆగిపోయింది. అది మంచిదే అయింది, కథ పూర్తయింది.)

ప్యాట్రిక్ రస్సెల్ అని స్కాట్లండ్ డాక్టరు. ఆయన తమ్ముడికి విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగం. తమ్ముడితో కలిసి 1781లో ఈయన కూడా వచ్చాడు. 1785లో కంపెనీ ఈయన్ని ప్రకృతి శాస్త్రవేత్తగా పెట్టుకుంది. ఈయన తీరం వెంట చేపల్నీ పాముల్నీ సేకరించి, బొమ్మలు గీయించి, పుస్తకాలు వేశాడు. కోరమాండల్ తీరపు పాముల పుస్తకం 1796లో, విశాఖపట్నం దగ్గర దొరికిన రెండు వందల చేపల పుస్తకం 1803లో వచ్చాయి. రెండూ లండన్‌లోనే అచ్చయ్యాయి. చాలా చేపలకీ పాములకీ ఆయన కొత్త పేర్లు పెట్టకుండా, ఇక్కడివాళ్లు ఏమన్నారో అదే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. వాలుగని వాలుగ అనే రాశాడు. తరవాత బ్లీకర్ అనే డచ్చి ఆయన 1851లో ఆ మాటనే ప్రజాతి పేరు చేసేశాడు. ఇప్పుడు జపాన్ వాళ్లయినా అమెరికా వాళ్లయినా ఆ చేపని వల్లాగో అనే రాయాలి.

ఇంకో పేరు వినండి. రస్సెల్ పుస్తకంలో ఒక పాము పేరు "బంగారం పామ". అంటే మన బంగారు పాము. పసుపూ నలుపూ కట్లు ఉండేది. దాన్ని బట్టి డాడిన్ అనే ఫ్రెంచి ఆయన 1803లో బంగారస్ అని ప్రజాతి పేరు పెట్టాడు. కట్లపాములన్నీ అందులోకే వస్తాయి. మన ఇళ్లల్లోకి వచ్చే నల్లటి కట్లపాము బంగారస్ సీరూలియస్. రక్తపింజరిని ఆయన "కాటుక రేకుల పొడ" అని రాసుకున్నాడు. ఎంత బాగుందో చూడండి, దాని ఒంటి మీద మచ్చలు కాటుకతో దిద్దినట్టే ఉంటాయి. ఇప్పుడు ఆ పాముని ప్రపంచమంతా రస్సెల్ పాము అంటోంది. కాటుక రేకుల పొడ అని చెప్పినవాళ్లెవరో మనకి తెలీదు. విశాఖపట్నం ఒడ్డున ఎవరో జాలరి, ఎవరో పాములు పట్టేవాడు, బుట్ట దించి "అయ్యా, దీన్ని ఇలా అంటాం" అని చెప్పి ఉంటాడు. రాసుకున్నవాడి పేరు నిలబడింది. చెప్పినవాడి పేరు నిలబడలేదు. నాకు ఇది కొంచెం కష్టంగా అనిపించింది. రస్సెల్ మీద కోపం లేదు, ఆయన మాటలనైనా మార్చకుండా ఉంచాడు.

(మూడో చార్టు)

రస్సెల్‌కి పాముల మీద అంత పట్టుదల ఎందుకంటే కంపెనీ వాళ్లకి పాముకాటు పెద్ద భయం. ఏది విషప్పాము, ఏది కాదు అని గుర్తుపట్టే దారి కావాలి. ఆయన పాముల నోళ్లు తెరిచి కోరలు చూశాడు, పొలుసులు లెక్కపెట్టాడు. కోళ్ల మీదా కుక్కల మీదా విషం ఎలా పనిచేస్తుందో పరీక్ష చేశాడు. (పాపం అవి. కానీ అలా చేశాడు.) పాముకాటుకి తిరుగులేదని అప్పట్లో పేరున్న తంజావూరు మాత్రని కూడా పరీక్షకి పెట్టాడు. అందరూ గొప్పదంటున్నారు కదా అని ఒప్పుకోలేదు. సరిచూడటం అంటే ఇదీ.

ఇప్పుడు మా ఇంటి సంగతి రాస్తాను. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

నేను ఆరో తరగతిలో ఉండగా వానాకాలంలో సెలవలకి ఇంటికి వెళ్లాను. మా ఇంట్లో ఒకటే నులక మంచం. హాస్టల్ నుంచి వచ్చానని ఆ రాత్రి మంచం నాకిచ్చారు. మా తమ్ముడు నేల మీద చాప వేసుకుని పడుకున్నాడు. వాడికి ఐదేళ్లు. తెల్లారుజామున లేచి కడుపునొప్పి అని ఏడ్చాడు. వాంతి చేసుకున్నాడు. కాసేపటికి కళ్ల రెప్పలు వాలిపోయాయి, ఎత్తలేకపోతున్నాడు. నిద్రొస్తోందేమో అనుకున్నాం. మంచినీళ్లు పోస్తే మింగలేదు, పక్కనించి కారిపోయాయి. ఒళ్లంతా చూశాం, ఎక్కడా గాటు లేదు. గాలి సోకిందన్నారు. కోడిని కోశారు. వాగు పొంగింది, జీపు రాలేదు. పొద్దెక్కేసరికి వాడికి ఊపిరి అందలేదు.

ఈ సంవత్సరం క్లాసులో సరీసృపాల పాఠం చెప్తూ టీచరుగారు కట్లపాము గురించి చెప్పారు. అది రాత్రిపూట తిరుగుతుంది. కప్పల కోసం, ఎలకల కోసం, వేరే పాముల కోసం ఇళ్లల్లోకి వస్తుంది. నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది. దాని కోరలు చాలా చిన్నవి. కాటు నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కనపడకపోవచ్చు కూడా. విషం నరాల మీద పనిచేస్తుంది. ముందు కడుపునొప్పి, వాంతులు, తరవాత రెప్పలు వాలిపోవడం, గుటక పడకపోవడం, ఆఖరికి ఊపిరి ఆడించే కండరాలు ఆగిపోవడం.

నేను క్లాసులో ఏమీ అడగలేదు. సాయంత్రం స్టడీ అవర్లో వెళ్లి చెప్పాను. టీచరుగారు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "నేను వాణ్ణి చూడలేదు కాబట్టి ఖచ్చితంగా అదే అని చెప్పలేనమ్మా. కానీ నువ్వు చెప్పిన గుర్తులన్నీ కట్లపాము కాటువే" అన్నారు. ఖచ్చితంగా చెప్పలేను అన్నందుకు నాకు టీచరుగారి మీద ఇంకా నమ్మకం కలిగింది.

ఇంటికెళ్లినప్పుడు మామ్మకి చెప్పాను. మామ్మ ఒప్పుకోలేదు, గాలే అంటుంది. కానీ ఒక మాటంది. "మా అమ్మ చెప్పేది, చినుకు పడ్డాక నేలన పడుకోకూడదు, మంచెక్కాలి అని. ఆ రాత్రి ఆ మాట మర్చిపోయాం" అంది. అంటే మావాళ్లకి సగం తెలుసు. వానలు పడితే నేల మీద ఏదో వస్తుందని ఎన్నో ఏళ్లు చూసి చూసి కట్టిన మాట అది. కాటు వేసింది ఎలా తెలుస్తుంది, తెలిస్తే ఎక్కడికి పరిగెత్తాలి అన్నది తెలీదు. ఆ సగం పుస్తకంలో ఉంది.

పాముకాటుకి మందు ఉంది. ఆల్బర్ట్ కాల్మెట్ అనే ఫ్రెంచి డాక్టరు 1890ల్లో కనిపెట్టాడు. గుర్రానికి కొంచెం కొంచెం విషం ఎక్కిస్తూ పోతే దాని రక్తంలో విషాన్ని విరిచే పదార్థం తయారవుతుంది. దాన్ని తీసి శుద్ధి చేసి ఇంజెక్షన్ చేస్తారు. మన దేశంలో ఇచ్చే మందు నాలుగు పాముల విషానికి పనిచేస్తుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. ఏ పామో తెలియకపోయినా డాక్టరు గుర్తులు చూసి ఇవ్వగలరు. పాముని చంపి పట్టుకెళ్లాల్సిన పనిలేదు.

ఆ మందు చేయాలంటే ముందు విషం కావాలి కదా. అది ఎవరు తీస్తారో తెలుసా? తమిళనాడులో ఇరుళర్లు అని మనలాగే గిరిజనులు. తాతముత్తాతల నుంచి పాముల్ని పట్టి తోళ్లమ్ముకుని బతికేవాళ్లు. 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చి, తరవాత తోళ్ల వ్యాపారం ఆగిపోయి వాళ్లకి తిండి లేకుండా పోయింది. 1978లో రోములస్ విటేకర్ అనే పాముల శాస్త్రవేత్త సాయంతో సొసైటీ పెట్టుకున్నారు. మహాబలిపురం దగ్గర వడనెమ్మేలిలో ఉంది. పాముని పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. దేశంలో మందు కంపెనీలకి చాలావరకు ఆ విషమే వెళ్లింది. వాళ్లల్లో వడివేల్ గోపాల్, మాసి సదయన్ అనే ఇద్దరికి 2023లో పద్మశ్రీ వచ్చింది. బడికి వెళ్లని వాళ్లు. కొండచిలువల్ని పట్టివ్వమని 2017లో అమెరికా వాళ్లని పిలిపించుకుంది. ఇక్కడ చెప్పినవాళ్ల పేర్లు కూడా నిలబడ్డాయి. నాకు ఈ భాగం అన్నిటికన్నా నచ్చింది.

ఇప్పుడు మన హాస్టల్ సంగతి. మంచాలు అందరికీ లేవు, సగం మంది నేల మీదే పడుకుంటున్నాం. కాబట్టి వానలు వచ్చేలోగా వార్డెన్ మేడంగారిని అడిగేది ఏమిటంటే, నేల మీద పడుకునేవాళ్లకి దోమతెరలు ముందు ఇవ్వండి. మనం కూడా దోమతెర అంచుల్ని చాప కిందకి నాలుగు వైపులా దోపాలి. ఊరికే వేలాడదీస్తే లాభం లేదు. దోపిన తెరలోకి పాము రాలేదు. గోడ పక్కనే పడుకోవద్దు. రాత్రి బాత్‌రూముకి టార్చి లేకుండా వెళ్లొద్దు. వంటగది వెనక పుల్లల మోపు ఉంది, అక్కడ ఎలకలు ఉన్నాయి, ఎలకలుంటే పాములొస్తాయి. ఆదివారం మనమే దాన్ని దూరంగా మారుద్దాం, ఎనిమిదో తరగతి వాళ్లు కూడా వస్తామన్నారు.

ఎవరికైనా తెల్లారి లేచేసరికి కడుపునొప్పి ఉండి రెప్పలు బరువెక్కుతుంటే, గాటు లేకపోయినా సరే, చిన్నపిల్ల అయినా సరే, వెంటనే మేడంని లేపండి. 108కి ఫోన్ చేయించండి. కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు కట్టడం వద్దు. నడిపించొద్దు. కరిచిన కాలో చెయ్యో తెలిస్తే దాన్ని కదలనివ్వొద్దు. తిట్టినా ఫర్వాలేదు, లేపండి.

(నాలుగో చార్టు)

మిగతా చరిత్ర తొందరగా చెప్పేస్తాను, చోటు లేదు. 1859లో డార్విన్ పుస్తకం వచ్చింది. జీవులన్నీ ఒకదానికొకటి చుట్టాలే, కాలం గడిచేకొద్దీ మారుతూ వచ్చాయి అని చెప్పాడు. దాంతో జంతుశాస్త్రం పేర్ల పట్టిక నుంచి కుటుంబ వృక్షంలా మారిపోయింది. పదో తరగతి అక్కలు పోయిన నెల ఆయన గురించి రాశారు కాబట్టి నేను రాయడం లేదు. మన దేశంలో జంతువుల్ని సర్వే చేయడానికి 1916 జూలై 1న కలకత్తాలో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా పెట్టారు.

కలివికోడి సంగతి మాత్రం చెప్పాలి. కడప వైపు ముళ్లపొదల్లో రాత్రిపూట తిరిగే చిన్న పక్షి. జెర్డన్ అనే డాక్టరు కనిపెట్టాడని ఇంగ్లీషులో ఆయన పేరే పెట్టారు. 1900 తరవాత శాస్త్రవేత్తలెవరికీ కనపడలేదు. పూర్తిగా అంతరించిపోయింది అనుకున్నారు. 1986 జనవరిలో మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి భరత్ భూషణ్ గారు వచ్చి, బొమ్మ చూపించి ఊళ్లల్లో అడిగితే, అక్కడి వేటగాడు ఒకాయన రాత్రి వెళ్లి పట్టుకొచ్చాడు. 86 ఏళ్లు శాస్త్రవేత్తలకి కనపడని పక్షి ఆయనకి తెలుసు. అంతకుముందు ఆయన్ని అడిగినవాళ్లు లేరు, అంతే.

అందుకని నేను ఒక పని మొదలుపెట్టాను. స్టోర్‌రూం కిటికీ పక్కన మేకుకి ఒక 200 పేజీల నోటుబుక్కు కట్టాను. మీ ఊళ్లో మీరు చూసిన జంతువు గానీ పిట్ట గానీ పురుగు గానీ అందులో రాయండి. మీ మాటలో దాని పేరు రాయండి. మేము పాముని తరాసు అంటాం, పిట్టని పిట్టె అంటాం. కొండరెడ్ల అమ్మాయిలు వాళ్ల మాట రాయాలి. ఎప్పుడు చూశారు, ఎక్కడ, ఎన్ని? "బోలెడు" అని రాయొద్దు, లెక్కపెట్టి రాయండి. చూడకుండా విన్నదైతే విన్నాను అని రాయండి. ఆఖరి గడిలో ఆ పేరు మీకు ఎవరు చెప్పారో వాళ్ల పేరు రాయాలి. అది ఖాళీ వదలొద్దు. తెలుగు అక్షరాల్లో మీ మాట ఎలా రాయాలో తెలియకపోతే నన్ను పిలవండి, ఇద్దరం కూర్చుని పలికి చూసి రాద్దాం.

మొదటి పేజీలో మా మామ్మ చెప్పిన పదకొండు పాముల పేర్లు ఉన్నాయి. వాటిలో నాలుగు ఏమిటో టీచరుగారికి కూడా తెలియలేదు. సెలవలకి వెళ్లినప్పుడు చూసి, బొమ్మ గీసి తెస్తానన్నాను. దూరంనుంచే గీస్తాను, భయపడకండి.

నోటుబుక్కుతో పాటు పెన్సిలు కూడా దారంతో కట్టాను. దయచేసి పట్టుకుపోకండి, అది నా ఆఖరి పెన్సిలు.

— తొమ్మిదో తరగతి, బి సెక్షన్